అనుపలబ్ధి: ఒక పాత కారు చెప్పిన అభావం

ప్రమాణ విచారం అనగానే అది పండితుల వాదగోష్ఠులకు పరిమితమైన శుష్క విద్య అని చాలామంది సాధకులకు తోస్తుంది. జపానికి, ధ్యానానికి దానితో పనేమిటని అడుగుతారు. షట్ప్రమాణాలలో చివరిదైన అనుపలబ్ధి స్థితి మరీ దయనీయం. “కుండ కనిపించడం లేదు కనుక కుండ లేదు” అని చెప్పడానికి ప్రత్యేకంగా ఒక ప్రమాణం కావాలా అని నవ్వేవారూ ఉన్నారు. కాని మనిషి తన జీవితంలో చేసే పెద్ద నిర్ణయాలు కొన్ని సరిగ్గా ఈ వాక్యం మీదే నిలబడతాయి. కనిపించలేదు, కనుక లేదు. మా బాబాయి గారి విషయంలో జరిగినది అదే.

బాబాయి గారు సంస్కృతోపన్యాసకులుగా పదవీ విరమణ చేశారు. నాకు తర్కసంగ్రహం చెప్పినది ఆయనే. ఆ గ్రంథకర్త అన్నంభట్టు ఆంధ్రుడని చెప్పేటప్పుడు ఆయన స్వరంలో కాస్త గర్వం ధ్వనించేది. నలభై ఏళ్ళు ఒక్క పూట తప్పకుండా జపం చేసిన మనిషి. రెండేళ్ళు మంచం పట్టిన పిన్ని నిరుడు కార్తికంలో వెళ్ళిపోయాక మాలను పూజగది సొరుగులో పెట్టి మూసేశారు. కోపంతో కాదు. శాంతంగా, ఒక సిద్ధాంతం చెప్పినట్లు చెప్పారు: “నలభై ఏళ్ళు పిలిచానురా. ఒక్కసారైనా పలికిన జాడ లేదు. పలకనిది లేదని నిశ్చయించడంలో దోషమేమిటో నువ్వు చెప్పు.” ఇంట్లో ఎవరూ సమాధానం చెప్పలేదు. తర్కం నేర్పిన గురువుకు తర్కంతో ఎదురు నిలవడం నాకూ సాధ్యం కాలేదు.

ఆయన దగ్గర 2011 నాటి కారు ఒకటి ఉంది. పిన్నిని ఆసుపత్రికి తిప్పినది ఆ కారులోనే కనుక దాన్ని అమ్మడానికి ఒప్పుకోరు. ఈ వర్షాకాలంలో దాని వేగమాపకం ముల్లు సున్నా దగ్గరే నిలిచిపోయింది, కిలోమీటర్ల లెక్క ఆగిపోయింది, ఇంజను దీపం వెలిగింది. కూడలిలో బండి ఆపబోతే ఇంజను ఆగిపోయేది. మెకానిక్ స్కానరు తగిలించి చూస్తే పి 0500 అనే కోడు వచ్చింది. వేగాన్ని కొలిచే సెన్సరు పోయిందని చెప్పి, కొత్తది బిగించాడు. ముల్లు కదిలింది. మూడు రోజుల తరువాత మళ్ళీ సున్నా, మళ్ళీ అదే దీపం, అదే కోడు.

కారు ప్రసంగం రాగానే కఠోపనిషత్తులోని రథం పాఠకుల మనస్సులో మెదలడం సహజం. ఆ రూపకాన్ని ఇక్కడ పక్కన పెడుతున్నాను. ఎంతోమంది వ్యాఖ్యానించిన విషయం అది. నాకు ఆసక్తి కలిగించినది ఆ కోడు.

కోడులోని మొదటి అక్షరం ఇంజను, గేరుపెట్టె వ్యవస్థను సూచిస్తుంది. తరువాతి సున్నా, ఆ సంకేతం తయారీదారులందరికీ సమానమని చెబుతుంది. అయిదు అంకె వేగానికి, ఇంజను నిలకడ పరుగుకు సంబంధించిన వర్గం. దీని అర్థాన్ని “వేగ సెన్సరు దోషం” అని పుస్తకాలు రాస్తాయి, కాని కంప్యూటరు నిజంగా ఎరిగినది అంతకంటే చాలా తక్కువ. ఇంజను నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిరుగుతున్నది, దాని మీద భారం ఉన్నది, ఈ స్థితి కొంతసేపు కొనసాగుతున్నది, అయినా వేగం సున్నా అని వార్త వస్తున్నది. బండి నడుస్తూ ఉండాలి, నడుస్తున్న జాడ మాత్రం లేదు. ఈ విరోధం ఊరికే పొసగదు కనుక ఎక్కడో దోషం ఉందని అది కల్పన చేస్తుంది. పగలు భుజించని దేవదత్తుడు బలిసి ఉన్నాడంటే రాత్రి భుజిస్తున్నాడని మీమాంసకులు చెప్పే అర్థాపత్తి ఇదే. దోషం కనబడిన క్షణంలో ఇంజను స్థితి ఎలా ఉన్నదో కూడా కంప్యూటరు ఒక చిత్రంగా దాచుకుంటుంది. బాబాయి గారి కారులో ఆ చిత్రం చూశాను. 2,400 చుట్లు, వేగం 0. యంత్రం సాక్ష్యం అంతవరకే.

“సెన్సరు పోయింది” అన్నది ఆ సాక్ష్యం మీద మెకానిక్ చేసిన అనుమానం. అందులోని హేతువు సవ్యభిచారం. సెన్సరు పోయినా ఈ కోడు వస్తుంది. తీగ తెగినా వస్తుంది, కరెంటు అందకపోయినా, గేరుపెట్టెలో దాన్ని తిప్పే చిన్న పళ్ళచక్రం అరిగినా వస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో పొగ ఏది? తడి కట్టె అనే ఉపాధి ఉంటేనే నిప్పునుంచి పొగ. సెన్సరుకు కరెంటు, ఎర్తు, తీగ అన్నీ సరిగా ఉన్నప్పుడే మౌనం సెన్సరు దోషాన్ని చెబుతుంది. ఆ ఉపాధిని ఎవరూ పరీక్షించలేదు.

కొత్త సెన్సరు బిగించగానే ముల్లు కదిలింది కదా అని బాబాయి గారు అడిగారు. నేను కుమ్మరివాడి గాడిదను గుర్తు చేశాను. కుండ పుట్టడానికి ముందు మట్టి మోసిన గాడిద కూడా అక్కడే ఉంటుంది, అంతమాత్రాన అది కుండకు కారణం కాదు, అన్యథాసిద్ధం. ఆయన చాలా రోజుల తరువాత నవ్వారు.

ఆ సెన్సరు నిర్మాణం సులభమైనది. గేరుపెట్టె మీద, బురద చిమ్మే చోట ఉంటుంది. మూడు తీగలు. ఒకటి కరెంటు, ఒకటి ఎర్తు, మూడవది సంకేతం. సంకేతపు తీగ మీద 5 వోల్టులను మీటరు పెట్టెయే పంపి నిలిపి ఉంచుతుంది. చక్రం తిరిగినప్పుడల్లా లోపలి అయస్కాంతపు కదలికను గ్రహించి సెన్సరు ఆ 5 వోల్టులను క్షణం పాటు ఎర్తుకు దించి వదులుతుంది. ఆ ఎత్తుపల్లాలను లెక్కపెట్టడమే వేగం తెలుసుకోవడం. జపాను సంప్రదాయపు కార్లలో 60 కిలోమీటర్ల వేగం వద్ద వేగమాపకపు ఇరుసు నిమిషానికి 637 చుట్లు తిరగాలన్నది పాత ఒప్పందం. చుట్టుకు నాలుగు స్పందనలు ఉంటే నిమిషానికి 2,548. సెన్సరు తనంతట తాను వోల్టును పుట్టించదు, ఉన్నదాన్ని నేలకు దించుతుంది, అంతే. ఈ సూక్ష్మం అర్థమైతే తక్కిన పరీక్ష సులభం. రెండే తీగలుండి, చక్రపు కదలికతో తామే విద్యుత్తును పుట్టించే మరో జాతి సెన్సర్లూ ఉన్నాయి, వాటి పరీక్ష వేరు.

ఒక ఆదివారం ఉదయం ఓల్టు మీటరుతో ఇద్దరం కూర్చున్నాం. కనెక్టరు ఊడదీసి, తాళం తిప్పి చూశాం. బ్యాటరీ రుణధ్రువం నుంచి కొలిస్తే కరెంటు తీగలో 12 వోల్టులు ఉన్నాయి. సంకేతపు తీగలో 5 ఉన్నాయి, అంటే మీటరు పెట్టె దాకా ఆ తీగ అఖండంగానే ఉంది. ఇక మిగిలినది ఎర్తు. బ్యాటరీ ధనధ్రువానికీ ఎర్తు గుంటకూ మధ్య కొలిస్తే 12 రావాలి. సున్నా వచ్చింది. తీగను వేలితో కదిపితే ఒక్కసారి 11కు ఎగిరి మళ్ళీ పడిపోయింది. కనెక్టరును వెలుతురులోకి తిప్పి చూస్తే ఆ ఒక్క గుంటలో ఆకుపచ్చని చిలుము పేరుకుని ఉంది. మొన్న కొత్త సెన్సరు బిగించేటప్పుడు కనెక్టరు లాగి పెట్టిన రాపిడికి చిలుము కాస్త చెదిరి మూడు రోజులు స్పర్శ కుదిరింది. కారణం అది. సెన్సరు గాడిద.

చక్రం తిరుగుతూనే ఉంది. కాని దించడానికి నేల లేక సంకేతపు తీగ 5 వోల్టుల దగ్గరే నిలిచిపోయింది. అవతల లెక్కపెట్టే కంప్యూటరు ఒక్క స్పందనా కనబడక వేగం సున్నా అని నమోదు చేసింది.

బాబాయి గారు చేతిలోని కనెక్టరును తిప్పి చూస్తూ, పాఠం చెప్పే స్వరంతో అన్నారు: “చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదని చెప్పరాదు. ఉన్నట్లయితే కనబడి తీరాలి, అప్పుడే కనబడకపోవడం ప్రమాణం. యోగ్యానుపలబ్ధి. మీ యంత్రం యోగ్యత చూడకుండా అభావం చెప్పింది.”

“మీరు చెప్పినదీ అదే కదా బాబాయ్?” అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “నా దగ్గర ఓల్టు మీటరు లేదురా” అన్నారు.

ఆ మాటను నేను తేలికగా తీసుకోలేదు. వేదాంతపరిభాషలో ధర్మరాజాధ్వరీంద్రుడు ధర్మాధర్మాలను ఉదాహరించి, స్వభావతః ఇంద్రియాలకు అందని వస్తువు కనబడకపోవడం దాని అభావాన్ని సిద్ధింపజేయదని నిరూపించాడు. ఈశ్వరుడు ఇంద్రియగోచరుడని మన శాస్త్రం ఏదీ చెప్పలేదు. కనుక నలభై ఏళ్ళ మౌనం ఆయన లేడనడానికి ప్రమాణం కాదు. అయితే ఉన్నాడనడానికి కూడా అది ప్రమాణం కాదు. ఈ రెండవ వాక్యాన్ని మన ప్రవచనకారులలో కొందరు దాటవేస్తారు. సంశయవాదిని ఓడించామని సంతోషించి, గెలుపును అస్తిత్వ నిరూపణగా ప్రకటిస్తారు. అది న్యాయం కాదు. దుఃఖంలో ఉన్న మనిషికి అయితే అది క్రౌర్యం కూడా. నేను బాబాయి గారికి రెండు వాక్యాలూ చెప్పాను. “ఇందులో ఓదార్పేముంది?” అన్నారు. ఏమీ లేదన్నాను. “పోనీ, తర్కం సరిగ్గా ఉంది” అన్నారు.

చిలుమును గీకి, కొత్త పిన్ను వేసి, గ్రీజు పూసి కనెక్టరును బిగించాం. వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ముందరి ఎడమ చక్రాన్ని జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, గేరు న్యూట్రలులో ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పాం. ఆయన తిప్పుతుంటే నేను మీటరు చూస్తూ పైకి చదివాను. సున్నా, అయిదు, సున్నా, అయిదు. చేతితో తిప్పే వేగానికి స్కానరులో కిలోమీటర్లు కనబడవు, ఈ పనికి ఓల్టు మీటరే మేలు. అప్పుడు ఆయనకే తోచింది, పాత సెన్సరును మళ్ళీ బిగించి చూడమన్నారు. బిగించి తిప్పాం. సున్నా, అయిదు. అది ఏనాడూ చెడలేదు. దాన్నే ఉంచి, కొత్తదాన్ని దాని అట్టపెట్టెలో పెట్టి డిక్కీలో పడేశాం.

కోడు చెరిపివేసినంత మాత్రాన పని పూర్తి కాదు. చాలా కార్లలో ఈ దోషం వరుసగా రెండు ప్రయాణాలలో కనబడితేనే దీపం వెలుగుతుంది. అందువల్ల రెండు రోజులు ఎదురుచూశాం. ఆయనే నడిపారు. ముల్లు నడిచింది, కూడళ్ళలో ఇంజను ఆగలేదు, కోడు రాలేదు.

మాల ఇంకా సొరుగులోనే ఉంది. నేను అడగలేదు. అయితే వేదాంతపరిభాషలో అనుపలబ్ధి ప్రకరణాన్ని మళ్ళీ మొదటినుంచి చదవాలని ఆయనే అన్నారు. శనివారం సాయంత్రాలు కూర్చుంటున్నాం. నాలుగు పుటలు అయ్యాయి. అభావం ప్రత్యక్షం చేతనే తెలుస్తుంది, దానికి వేరే ప్రమాణం అనవసరం అనే నైయాయిక పక్షాన్ని ఆయన పట్టుకుని కూర్చున్నారు. పోయిన వారం నన్ను రెండు గంటలు కదలనివ్వలేదు.