కాలిబాటకు రెండు తాటిపట్టెలు

మా యూరి పుంతమీద తారురోడ్డు వేయుచున్న దినములలో, తూముకొఱకు త్రవ్విన గోతి యొడ్డున ఒక పాలవాడు సైకిలు దిగి, క్యానులు రెండును విప్పి క్రిందబెట్టి, సైకిలును భుజమున కెత్తుకొని గోతిలో దిగి యావలి గట్టెక్కి, మరల వచ్చి క్యానులను ఒక్కొక్కటిగా మోసికొనిపోవుట చూచితిని. "రోడ్డు పడితే సుఖపడతాం కదండీ, బాబుగారూ!" అని యతడు నవ్వెనే గాని నాకు నవ్వు రాలేదు. లారీలకు మాత్రము చాల ముందుగనే ఎఱ్ఱబాణము గీసిన బల్ల నిలిపి చుట్టుదారి చూపియున్నారు. పదిచక్రముల వానికి జరిగిన మర్యాద రెండుచక్రముల వానికి లేదు. చక్రములే లేనివాని సంగతి చెప్పనక్కఱలేదు.

వంశక్రమమున జూచినచో కాలిబాటయే రోడ్డునకు తాత. పాదములు తొక్కి గట్టిపఱచిన జాడను బండి పట్టుకొన్నది. బండిజాడను కంకర కప్పినది. కంకరను తారు కప్పినది. తిరుమలకు మొదటి ఘాటురోడ్డు 1944లోను, రెండవది 1974లోను వచ్చినవి. అంతకు శతాబ్దములకు మున్నే భక్తులు మెట్లదారిని కొండ యెక్కుచుండిరి. నేటికిని మోకాళ్ళమెట్టునకు ముందు కొంతదూరము ఆ దారి ఘాటురోడ్డు నొరసికొని పోవుచు, మనుమని ప్రక్కన తాత నడచుచున్నట్లే యుండును.

దారి మూసినపుడు నడచువానికేమి చేయవలెనో ఆ కొండయే యొక పాఠమును గూడ చెప్పినది. 2021లో పైకప్పు పనులకై ఆ మెట్లదారిని, అనగా అలిపిరి దారిని, మూసినపుడు, నడచివచ్చు యాత్రికులను శ్రీవారి మెట్టను రెండవ నడకదారికి మళ్ళించిరి. అన్న మంచము పట్టిన నాళ్ళలో తమ్ముడు సంసారము నీడ్చినట్లు, 2,388 మెట్ల ఆ చిన్నదారి పెద్దదాని భారమును మోసినది. ఆ నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దెబ్బతిని 2022 మే నెలవఱకు మూతపడగా, అప్పటికి పని ముగించుకొనియున్న అలిపిరి దారి తమ్ముని ఋణమును తీర్చినది. నడచి వత్తునని మ్రొక్కుకొన్నవానికి బస్సు చూపినచో కొండ చేరునే గాని మ్రొక్కు తీరదు. నడకదారికి బదులు నడకదారియే.

రోడ్డుపని జరుగుచోట నడచువానికి దారి చూపుటకు కావలసినది మహాధనము గాదు: మళ్ళింపుబల్లను గోతికడ గాక దారి చీలినచోటనే నిలుపుట, ఆవలికి పోవుటకు చేపట్టుగల నాలుగు పలకలు, చీకటి పడినంతనే ఒక దీపము. గోతిదాక వచ్చినవానికి 'దారి లేదు' అని చెప్పు బల్ల, వచ్చినదారినే వెనుకకు నడువుమని విధించు శిక్షయే గదా!

నాలుగవనాడు మా తూముగోతిపై రెండు తాటిపట్టెలు ప్రత్యక్షమైనవి. ఎస్టిమేటులో అవి లేవు. మేస్త్రీ ఆజ్ఞయు గాదు. మట్టితట్టలు మోయు స్త్రీలు, దినమునకు నూఱుసారులు గోతిని దిగి యెక్కలేక, తామే యీడ్చుకొని వచ్చి వేసికొన్నవట. పాలవాడు సైకిలు దిగి, క్యానులు విప్పకయే, దానిని నడిపించుకొని మెల్లగా దాటిపోయెను.