నారాయణఖేడు పెరటికోళ్లు

హైదరాబాదునుండి సంగారెడ్డి మీదుగ వాయవ్యమునకు పోవు బాటలో మంజీరానదిని దాటి, జోగిపేట గడచి, మఱికొంతదూరము పోయినచో నారాయణఖేడు వచ్చును. ప్రయాణము నూఱు కిలోమీటర్లకు కొంత పైబడియుండును. మేము పోయినది గుడిని చూచుటకు గాదు, కోటను చూచుటకును గాదు, పెరటికోళ్లను చూచుటకు. ఈ మాట విని మా యింటివారే నవ్విరి. సోదరీమణులు గూడ నవ్వుదురేమో! కాని నగలపెట్టెకంటె కోళ్లగంపయే యెక్కువ యక్కఱకు వచ్చు నిండ్లు మన పల్లెలలో కొల్లలుగ గలవు. అట్టి యిండ్ల నేలయే యిది.

నారాయణఖేడు తాలూకా 1956వ సంవత్సరమువఱకు బీదరు జిల్లాలోనిది. ఆ యేట రాష్ట్రముల పునర్వ్యవస్థ జరిగినపుడు మెదకు జిల్లాలో చేరినది. 2016లో సంగారెడ్డి జిల్లా యేర్పడగా నందులోనికి వచ్చినది. సరిహద్దుసీమ యగుటచే నిచ్చటి బజారులో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ అన్నియు వినవచ్చును, తండాలలో లంబాడీభాష. ఒకామె కోడి యనును, ఒకామె కోళి యనును, ఒకామె ముర్గీ యనును, ఒకామె కోంబడీ యనును. బేరము మాత్ర మందఱికిని వ్రేళ్లమీదనే జరుగును.

ఇచ్చట వానపై నాధారపడిన మెట్టసేద్య మెక్కువ. జొన్న, కంది, పెసర, ప్రత్తి పండింతురు. కళ్లములో రాలిన గింజ, చెత్తకుప్పలోని పురుగు, అంట్లు తోమినచోటి మెతుకు, ఇవియే కోళ్లకు మేత. కొనితెచ్చి పెట్టునది మిక్కిలి తక్కువ. అందుచేతనే యీ కోళ్లు చిన్నవి. పెట్ట బరువు కిలోకు కొంచె మటునిటుగ నుండును. పొట్టికాళ్లతో, నేలకు దగ్గఱగ, తురతుర నడచునవియు వీనిలో గలవు. ఇంగ్లీషువారు చిన్నజాతి కోడిని బంటం అందురు. జావాద్వీపమున బాంటెన్ అను ఓడరేవు గలదు. ఆ రేవునుండి వచ్చిన చిన్నకోళ్లను చూచి నావికులు పెట్టిన పేరది. ప్రదర్శనలలో పెట్టుటకై వా రెన్నో రంగుల బంటములను పెంచిరి గాని, వేటపక్షుల గ్రుడ్లను పొదిగించుటకు గూడ వానినే వాడెడివారు. చిన్నకోడికి పొదుగుటయం దంత శ్రద్ధ.

కాళ్ల సంగతి యొకటి చెప్పి ముందుకు పోవుదుము. మన కోళ్ల మూలపురుషుడు ఎఱ్ఱ అడవికోడి. కాని పసుపుపచ్చని కాలి వన్నె దానినుండి వచ్చినది గాదనియు, దక్షిణభారతపు బూడిదరంగు అడవికోడినుండి వచ్చినదనియు 2008లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. కాళ్లకు పసుపు పూసికొను దేశమునుండి కోళ్లకు గూడ నదే అబ్బినదని మేము సరదాపడితిమి.

ఊరి చివఱ పెంకుటింటి వెనుక నొక అవ్వ పెరడు చూచితిమి. పెట్టలు ఏడు, పుంజు ఒకటి. పిల్ల లెన్నియని యడుగగా, "లెక్కపెట్టకుండ్రి బిడ్డా, గద్ద ఇంటది" అని యామె నవ్వినది. ఒక పెట్ట అటుకక్రింద చీకటిమూలను పొదుగుకు కూర్చున్నది. వెదురుతట్టలో నడుగున బూడిద, దానిపై గడ్డి, గడ్డిలో వేపాకు. పేను పట్టకుండుట కిది మంచి యుపాయము. తట్టలో నొక ఇనుపమేకును, బొగ్గుముక్కయు గలవు. ఉఱుములకు గ్రుడ్లు చెడకుండునట. మేకువలన లాభ మున్నదో లేదో గాని నష్టము లేదు, మేము వాదింపలేదు.

గ్రుడ్లు పదునొకండు. అంతకు మించి పెట్టిన రెక్కల క్రిందికి రాక చుట్టువారగ నున్నవి చల్లబడును. పెట్ట తన ముక్కుతో వానిని దినమున కెన్నోమారులు త్రిప్పుకొనును. ఇరువదియొకటవ దినమున పిల్లలు వెడలును. ఏడవ దినమున రాత్రి అవ్వ ఒక్కొక్క గ్రుడ్డును దీపమునకు పట్టి చూచునట. లోపల నెఱ్ఱని నరములు సాలెగూడువలె కనబడినచో నుంచును. తేటగా నున్నచో తీసి కూరకు వాడును. ఇపుడు దీపమునకు బదులు మనుమని సెల్‌ఫోను వెలుతురు వచ్చినది.

వేసవిలో గ్రుడ్లను పొదుగునకు దాచుట కష్టమనియు ఆమెయే చెప్పినది. చల్లని కాలమున వారము దినములు నిలువయుంచిన గ్రుడ్లు గూడ పిల్లలగును. ఎండలలో మూడునాలుగు దినములకే చెడును. వేడికి లోపలి జీవము సగము మేల్కొని చచ్చును గదా. అందుచే నామె వానకాలపు గ్రుడ్లను, చలికాలపు గ్రుడ్లను పొదుగునకు వాడి, వేసవి గ్రుడ్ల నమ్మివేయును.

ఇక అసలు సంగతికి వత్తుము. హైదరాబాదులోని రాజేంద్రనగరున కోళ్ల పరిశోధనాసంస్థ గలదు. పెరటిలో పెంచుటకని వారు వనరాజా, గ్రామప్రియ అను జాతులను తయారుచేసిరి. నాటుపెట్ట సంవత్సరమునకు ఏబదియో అఱువదియో గ్రుడ్లు పెట్టుచుండగా, గ్రామప్రియ పెరటిలోనే నూట అఱువది దాటి పెట్టగలదు. గ్రుడ్డు గూడ పెద్దది. బిడ్డలకు దినమున కొక గ్రుడ్డు పెట్టవలెనను తల్లికి ఇంతకంటె మేలేమున్నది? ఈ జాతులను మేము తక్కువచేసి చెప్పబోము. ఐనను అవ్వ వీనిని రెండేండ్లు పెంచి మానినది. కారణ మడిగితిమి.

"గవి గుడ్లు బాగ పెడ్తయి బిడ్డా. గని కూసోవు. కూసోని కోడి ఇంట్ల ఉంటె, పిల్లలకోసం మల్ల పైసలు పట్టుకొని బజారుకే పోవాలె."

ఈ మాటలో నెంతయో యున్నది. పెట్ట పొదుగునకు కూర్చున్నంతకాలము గ్రుడ్డు పెట్టదు. పిల్లలను వెంట త్రిప్పుకొనునపుడును పెట్టదు. కావున నెక్కువ గ్రుడ్లకై యెన్నిక చేసినకొలది పొదుగుగుణము తఱిగిపోవును. పైగా ఈ మేలుజాతులు వేఱువేఱు వంశములను కలిపి తీసినవి; వాని గ్రుడ్లను నాటుపెట్టక్రింద పెట్టి పొదిగించినను, పుట్టిన పిల్లలకు తల్లి గుణములు పూర్తిగ రావు. ప్రతితరమునకు క్రొత్తపిల్లలను కొనవలసినదే. రొక్కము చేతనున్న యింటి కది లెక్క గాదు. చేత రొక్కము లేని స్త్రీకి మాత్రము, అర్ధరాత్రి జ్వరము వచ్చిన బిడ్డకును, తెల్లవారి చుట్టము వచ్చినపుడును, పోచమ్మకు మ్రొక్కు చెల్లింపవలసినపుడును, ఎవరి నడుగకుండ చేయిచాచి తీసికొన దగినది తనంతట తాను పెరుగు మంద యొక్కటే. మా యభిప్రాయమున రెండును పెంచవచ్చును. కాని పొదుగు చిన్నకోడిని పూర్తిగ వదలుకొనిన యిల్లు తాళపుచెవి పోగొట్టుకొన్నట్లే.

సమీపమున నున్న యొక తండాకును పోయితిమి. నారాయణఖేడు తండాలవారిలో పలువురు దసరా దాటినపిదప చెఱకుకోతలకై కర్ణాటకమునకును, మహారాష్ట్రమునకును వలసపోవుదురు. తిరిగి వచ్చుట ఎండలు ముదిరినపిదపనే. మంచము, గిన్నెలు, పసిబిడ్డలు బండి యెక్కుదురు గాని కోళ్ల మందను తీసికొనిపోవుట సాగదు. అమ్మి పోయినచో తిరిగి వచ్చినపుడు ఇంట నేమియుండదు. కావున ఇంట మిగిలిన ముసలివారికి పెట్టలను పాలి కిచ్చి పోవుదురు. పెట్ట ఒకరిది, పెంపక మొకరిది, పిల్లలు చెరిసగము. వ్రాతకోత లేమియు లేవు. "తగవులు రావా?" యని యడిగితిమి. వచ్చునట. పిల్లి తీసికొనిపోయిన పిల్ల యెవరి పాలిలోనిదనియే తగవట!

పుంజును గూర్చి మనవారి కంత శ్రద్ధ లేదు, ఉండవలెను. ఎనిమిది పది పెట్టలకు పుంజు ఒకటి చాలును. కాని ఆ పుంజు అదే పెరటిలో పుట్టినదై, తల్లులను అక్కచెల్లెండ్రను కూడినచో, కొన్ని తరములకు గ్రుడ్లు పొల్లుపోవును, పిల్లలు నీరసించును. అవ్వ రెండేండ్ల కొకమారు పుంజును మార్చును. కొనుటకాదు, ఆవలి తండాలో నొకామెతో మార్పిడి. బరువైనదానిని కోరదు. "పెద్ద పుంజు చిన్న పెట్టను ఇరగదొక్కుతది" అని యామె మాట.

ఇంత పొందికయు నొక్క వారములో కూలద్రోయునది కొక్కెర తెగులు. హిమాలయప్రాంతమందలి రాణిఖేతు పేరిట దీనిని రాణిఖేతు రోగమనియు నందురు. పచ్చని విరేచనము, నోరు తెఱచి రొప్పుట, మెడ మెలిదిరుగుట దీని గుర్తులు. వచ్చినపిదప మందు లేదు. రాకుండ టీకా గలదు. పిల్లకు అయిదవ దినము మొదలు ఏడవ దినము లోపల లసోటా అను టీకామందు కంటిలో నొక చుక్క. ఎనిమిదవ వారమున ఆర్‌టుబి అను టీకా సూదిమందుగ. ఖరీదు స్వల్పమే. మఱి యెందు కందఱును వేయింపరు? ఒక్క సీసాలో నూఱు కోళ్లకో, అంతకు హెచ్చుగనో సరిపడు మందుండును. దానిని మంచులో నుంచి తేవలెను. కలిపిన రెండు గంటలలో వాడివేయవలెను. ఏడు కోళ్ల అవ్వ కొఱకు సీసా యెవరు విప్పుదురు? పెద్దమందలవారికై చేసిన మందు చిన్నపెరటికి రాదు. మగవారి సభలలో నెవరును తలపెట్టని చిక్కు ఇది.

మేము అక్కడ నుండగనే ఆ వీథి స్త్రీలు అవ్వ అరుగుమీద కూడి దీనిని గూర్చి మాటలాడిరి. పశువైద్యశాలకు పోయి సీసా తెచ్చు పని ఒక కోడలు ఒప్పుకొనినది. మంచుకై ఐసు అమ్మువానిని అడుగవలెననుకొనిరి. కోళ్లు ఇంకను గంపలలో నుండు తెల్లవాఱుజాము మంచిదని నిశ్చయించిరి. పిమ్మట ఇంటింటి కోళ్లను వ్రేళ్లమీద లెక్కించిరి. అవ్వ తన పిల్లల లెక్కను బిగ్గఱగ చెప్పక కోడలి చెవిలో చెప్పినది. మొత్తము ఎనుబదినాలుగు వచ్చినవి. మిగిలిన పదునాఱింటికి తండావారిని పిలువవలెనని, పాలి కిచ్చినవానిని గూడ లెక్కలో చేర్చవలెనని అనుకొనుచుండగా మా బస్సు వేళ యైనది.