చిన్నాయన పన్ను

జనవరి 8
పొద్దున నీళ్ళు పుక్కిలించగానే చిన్నాయనకు దవడపన్ను జివ్వుమంది. చన్నీళ్ళు ఉమ్మేశాక క్షణాల్లో సర్దుకుంది. ఇప్పుడే మాలూరు పళ్ళ డాక్టరు దగ్గరికి పోయి పుచ్చు తీయించి సిమెంటు పెట్టించుకుంటే లోపలి గుజ్జు కోలుకుంటుందని చెప్పాను. "అంతా ఈ బోరునీళ్ళ వల్లేరా" అన్నాడు. మన కోలారు బోర్లలో ఫ్లోరైడు ఉన్నమాట నిజం. నెల్లూరు వైపు 1937లోనే ఫ్లోరైడు జబ్బు బయటపడింది. కానీ ఫ్లోరైడుతో వచ్చేవి గోధుమరంగు మచ్చలు, గరుకు. చిన్నాయన పంటిది నల్లటి గుంత, తీపి తిన్న నోట్లో క్రిములు పుట్టించే ఆమ్లం తొలిచింది. అన్నింటికీ బోరునే తిడితే ఎట్ల?

జనవరి 17
ఇప్పుడు వేడి టీ కూడా పడటం లేదు. గుటక దిగాక కూడా చాలాసేపు సలుపుతోంది. రాత్రి పడుకుంటే మరీ ఎక్కువ, లేచి కూర్చుంటే కాస్త నయం. వేలు వాస్తే ఉబ్బడానికి చోటుంటుంది. పంటి గుజ్జుకు ఆ వీలు లేదు, చుట్టూ గట్టి గోడ. పడుకుంటే తలకు రక్తం ఎక్కువై ఒత్తిడి పెరుగుతుంది. ఏ పన్నో కూడా చెప్పలేకపోతున్నాడు, ఒకసారి చెవి అంటాడు, ఒకసారి కణత అంటాడు. పిన్నమ్మ లవంగం పెట్టింది. అది కాసేపు మొద్దుబారుస్తుంది, అంతే. ఎవరో చెప్పారని నొప్పిమాత్ర నూరి చిగురుకు అద్దుకున్నాడు. అక్కడ చర్మం తెల్లగా ఉడికిపోయింది. ఈ సలహాలిచ్చే జనానికి ఒక దండం.

జనవరి 23
నొప్పి పోయిందట! సంకటి ముద్ద మింగుతూ నన్ను ఎగతాళి చేశాడు. నాకు నచ్చలేదు. గుజ్జు చచ్చిపోయినా నొప్పి ఆగుతుంది, క్రిములు మాత్రం వేరు కొసకు దిగుతూనే ఉంటాయి. చెంచా కాడతో ఒక్కో పన్నూ తట్టాను. పుచ్చుపంటి దగ్గర ఎగిరిపడ్డాడు. పిన్నమ్మ అప్పటికప్పుడు బస్సు టైము అడిగింది.

జనవరి 27
మాలూరు. ఎక్స్‌రేలో వేరు కొసన నల్లటి నీడ కనిపించింది. "పీకేస్తే పోలేదామ్మా?" అన్నాడు చిన్నాయన. వేరు గట్టిగానే ఉంది, రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలబడుతుందంది డాక్టరమ్మ. షుగరుందా అని కూడా అడిగింది. మత్తుసూది వేసి పన్ను తెరిచి, లోపలిది తీసి మందు పెట్టింది. బుధవారం మళ్ళీ రమ్మంటే, ఆరోజు టమాటా కోలారు మార్కెట్టుకు తోలాలని గురువారం అడిగాడు. ఇచ్చింది.