పులి, గుహ, మేము

ఒమన్ అనగానే ఊళ్ళో మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "అక్కడ ఎండ ఎంత?" రెండోది "ఒంటెలెక్కావా?" గుహలున్నాయా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు! నిజానికి ఇక్కడి కొండలు చాలావరకు సున్నపురాయి. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదే. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని, సన్నటి ఆమ్లంలా మారి ఆ రాయిని లక్షల ఏళ్ళపాటు కరిగించింది. మన బొర్రా, బెలుం గుహలు ఏర్పడిందీ అలాగే. ఇలాంటివాటిలో ఒకటి అల్ హూతా గుహ. మస్కట్ నుంచి నిజ్వా మీదుగా సుమారు 200 కిలోమీటర్లు, జెబెల్ షమ్స్ పాదాల దగ్గర అల్ హమ్రా ఊరి పక్కన ఉంది.

మొన్న జనవరిలో మేం నలుగురం, మా పులి కలిసి బయల్దేరాం. కంగారు పడకండి, పులి అంటే మా కుక్క! ఎండిన ఏళ్ళ వెంట తిరిగే ఇలాంటివాటిని ఇక్కడ వాడీ కుక్కలంటారు. పేరుకే పులి, పిల్లి కనబడితే మా వెనక దాక్కుంటాడు. మూడేళ్ళ కిందట పక్క ఫ్లాట్ వాళ్ళు ఈ దేశం వదిలి వెళ్తూ "రెండు వారాలు చూసుకోండి, కబురు పంపుతాం" అని అప్పగించి వెళ్ళారు. ఆ రెండు వారాలు ఇంకా పూర్తవలేదు.

కుక్కని రానిచ్చే హోటళ్ళు అరుదు. అందుకని పడకలూ, గ్యాసు పొయ్యీ ఉన్న క్యాంపర్ వాన్ అద్దెకి తీసుకున్నాం. మా ఆవిడ పులిహోర, గోంగూర పచ్చడి సర్దింది. దారిలో నిజ్వా దగ్గర ఫలజ్ దారిస్ కాలువలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. ఫలజ్ అంటే భూమిలోని నీటిని వాలు ఆధారంగా తోటలకి తీసుకెళ్ళే పాతకాలపు కాలువ. యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన ఐదు ఫలజ్‌లలో ఇదొకటి. నీళ్ళలో చిన్న చేపలు పాదాలు కొరుకుతుంటే పిల్లలు ఒకటే నవ్వులు. పులి మాత్రం నీళ్ళకేసి మొరిగి ఊరుకున్నాడు.

గుహలోకి కుక్కల్ని రానివ్వరు. జనవరైనా సరే, ఎండలో ఆపిన బండి కాసేపట్లోనే పొయ్యిలా కాగుతుంది. అందుకని వంతులు వేసుకున్నాం. ముందు మా ఆవిడా, పెద్దాడూ వెళ్ళొచ్చారు. తర్వాత నేనూ, మా అమ్మాయీ వెళ్ళాం. గుహ పొడవు సుమారు నాలుగున్నర కిలోమీటర్లు, సందర్శకులకి చూపించేది అందులో అర కిలోమీటరు. 2006లో తెరిచారు. 2012లో వరద వల్ల దెబ్బతిని మూతపడి, 2016లో మళ్ళీ తెరుచుకుంది. పైన ఎడారి, లోపల వరద! వాన పడితే కొండ మీది నీళ్ళన్నీ ఈ గుహలోంచే పోతాయి మరి.

లోపలి నీళ్ళలో లేత గులాబీ రంగు చేపలున్నాయి. వాటికి చూపు లేదు. వాడీల్లో పాదాలు కొరికే గర్రా జాతికి చెందినవే ఇవీ. పిల్లలుగా ఉన్నప్పుడు చిన్న కళ్ళుంటాయి, పెరిగేకొద్దీ వాటిమీద చర్మం కప్పేస్తుంది.

"ఉన్న కళ్ళు ఎందుకు పోతాయి నాన్నా?" అంది మా అమ్మాయి.

"చీకట్లో వాటితో పని లేదు కదమ్మా, తరతరాలుగా అలా అయిపోయింది."

బయటికొచ్చేసరికి పులి తోక ఊపడం కాదు, ఒళ్ళంతా ఊపాడు. "మీరు లోపలికెళ్ళిన దగ్గర్నుంచీ ఆ గుమ్మంకేసే చూస్తున్నాడండీ. నీళ్ళు కూడా ముట్టలేదు" అంది మా ఆవిడ.

ఆ రాత్రి కొండ పక్క ఖాళీ జాగాలో బస. చలికి రగ్గులు కప్పుకుని కూర్చున్నాం. మా అమ్మాయి అడిగింది: "జూన్‌లో మనం ఇండియా వెళ్ళిపోతే పులిని కూడా రెండు వారాలకి ఎవరికైనా ఇస్తామా?"

నా కాంట్రాక్టు జూన్‌తో ముగుస్తుంది. నెల రోజులుగా మేమిద్దరం పక్కకి నెడుతున్న విషయమే అది. మా ఆవిడ "అత్తయ్యగారు కుక్కని ఇంట్లోకి రానిస్తారా?" అంది. మర్నాడు పొద్దున్నే ఊరికి ఫోన్ చేశాను. మా అమ్మ అంతా విని, "పెరట్లో వేపచెట్టు కింద ఉంటాడు, తీసుకురండి. వంటింట్లోకొస్తే మాత్రం ఊరుకోను" అంది.

ఇప్పుడు కాగితాల పనిలో ఉన్నాం. చర్మం కింద మైక్రోచిప్, రేబిస్ టీకా, పశువైద్యుడి ఆరోగ్య పత్రం, భారత జంతు క్వారంటైన్ శాఖ అనుమతి... ఇవన్నీ కావాలి. ఆ శాఖకి హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. మీరూ తీసుకెళ్ళాలనుకుంటే తాజా నిబంధనలు చూసుకుని, రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తే మురిపెంగా తెస్తాం. కానీ మన వీసాకి గడువుంటుంది, దాని ప్రేమకి ఉండదు. తెచ్చే రోజునే తిరుగు ప్రయాణంలో దానికీ ఒక చోటు లెక్కవేసుకోండి. అల్ హూతాకి నవంబరు, మార్చి నెలల మధ్య వెళ్ళండి. కుక్కతో వెళ్తే మాత్రం వంతులు మరిచిపోకండి!