బిల్లు వ్రాయుటకు సిగ్గు

బెజవాడ గాంధీనగరమున ఒకప్పుడు చిత్ర పంపిణీ సంస్థల కచేరీలు వీధుల నిండ నుండెడివి. చిత్రము ఏ యూరి హాలులో నాడుచున్నను, సంస్థ తరఫు రిప్రజెంటేటివు టిక్కెట్ల లెక్క చూచి, వినోదపు పన్ను పోగా మిగిలిన దెంతయో డీసీఆరు కాగితముపై వ్రాసి పంపెడివాడు. నేలటిక్కెట్టు సయితము లెక్క తప్పరాదు. అట్టి యూర చిన్న చిత్రములు తీసి జీవించుచున్న నేను మాత్రము చేసిన పనికి బిల్లు వ్రాయుటకు సిగ్గుపడుచుంటిని. డబ్బు మాట ముందుగా ఎత్తుట మర్యాద కాదని మన యిండ్లలో నేర్పుదురు. కట్నము మాట మాత్రము పెండ్లిచూపులనాడే తేలవలెను. అది వేరు సంగతి కాబోలు!

రెండేండ్ల క్రిందట దివిసీమలోని యొక విద్యాసంస్థవారు వార్షికోత్సవమునకై 10 నిమిషముల చిత్రము కోరిరి. "మనలో మనకు లెక్కలేమిటండీ, ముందు పని కానివ్వండి" అనిరి. తల యూపితిని. చిత్రీకరణము 4 దినములు. కూర్పు మాత్రము 7 మార్లు మారినది. ఒకమారు అధ్యక్షులవారి ప్రసంగము పెంచుటకు, మరియొకమారు వారి తోడల్లుని ముఖము చేర్చుటకు. దేనికిని కాగితము లేదు. మూడు నెలలకు ధైర్యము తెచ్చుకొని, నూటికి 18 వంతున జీఎస్టీ చేర్చి బిల్లు పంపితిని. సొమ్ము చేతికి రాకున్నను, బిల్లు వ్రాసిన నెల పన్ను మరుసటి నెల 20వ తేదీకి నేను కట్టవలసినదే. రాని డబ్బుకు ఇంటి డబ్బు కట్టితిని.

దసరాకు ముందు మా లైట్‌మ్యాన్ వచ్చి గుమ్మముకడ నిలిచెను.

"పిల్లల బట్టలకండీ. ఆ నాలుగు రోజుల కూలీ, బత్తా..."

"వాళ్లింకా ఇవ్వలేదోయ్."

అతడు మారుపలుకక మెట్లు దిగబోయెను. నా భార్య లోపలినుండి వచ్చి, "ఉండు నాయనా" అని యతని నాపి, నావైపు తిరిగి, "వాళ్లు మీకు బాకీ. ఇతను మీకు అప్పిస్తానని ఎప్పుడన్నాడండీ?" అనెను. పాలకు దాచిన సొమ్ము తెచ్చి యతని చేతిలో పెట్టెను. నాకు నోట మాట రాలేదు. నా మర్యాదకు వెల యిన్నాళ్లును ఆతడు చెల్లించుచుండెను గదా!

చిన్న సంస్థలకు రావలసిన సొమ్మును గూర్చి 2006లో చట్టము వచ్చినది. నమోదైన సంస్థకు, వ్రాతపూర్వకమైన ఒడంబడిక లేనిచో 15 దినములలోను, ఉన్నను 45 దినములకు మించకయు చెల్లింపవలెను; జాగు చేసినచో రిజర్వుబ్యాంకు ప్రకటించిన రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. నేను నమోదు కాలేదు. దానికిని బద్ధకమే కారణము.

ఇప్పుడు తొలినాడే ఒక కాగితము పంపుచున్నాను. కెమెరా అద్దె, పని దినములు, లైట్‌మ్యాన్ల కూలి, బత్తా అందులో వేరువేరుగా నుండును. రెండు మార్పులు ఉచితము, మూడవదానికి వెల. సగము అడ్వాన్సు చేతబడినగాని కెమెరా పెట్టె తెరువను. అడ్వాన్సులో మొదట విడదీయునది కూలి.

ఆ విద్యాసంస్థవారు పాత బాకీని మూడు వాయిదాలలో నిత్తుమనిరి. రెండు వచ్చినవి. మొన్న క్రొత్త చిత్రము కావలెనని ఫోను చేసిరి. ఆ సాయంకాలమే కాగితము పంపితిని. ఇంకను జవాబు లేదు.