పలకని మనిషి, పలికే యంత్రం

ఐసీయూలో మేం స్పృహను అంకెల్లో రాసుకుంటాం. కళ్లు తెరవడానికి గరిష్ఠంగా 4, మాటకు 5, కదలికకు 6. మొత్తం 15 వస్తే పూర్తి మెలకువ, 3 అయితే లోతైన కోమా. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు తయారుచేసిన ఈ కొలత మీద నాకు చాలా గౌరవం. అర్ధరాత్రి డ్యూటీ డాక్టరు ఫోన్లో ఆ అంకె చెబితే రోగి ఎలా ఉన్నాడో సగం అర్థమైపోతుంది. అయితే పిలిచినప్పుడు, నొక్కినప్పుడు శరీరం ఏం చేసిందో అంతవరకే అది చెబుతుంది. లోపల వింటున్న మనిషి ఉన్నాడో లేడో దానికి అందదు.

ఒక రిటైర్డ్ మాస్టారిని చూశాక ఆ తేడా నాకు బాగా తెలిసొచ్చింది. మెదడు కాండానికి రక్తం అందించే బేసిలార్ ధమని మూసుకుపోయింది. కాళ్లూ చేతులూ పడిపోయాయి, మాట పోయింది, ముఖంలో చలనం లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి కాబట్టి 4, మాటకు 1, కదలికకు 1. చార్టులో 6 అని రాసి ఉంది. బంధువులు మంచం పక్కనే నిలబడి పొలం గురించీ, ఇంకెన్నాళ్లుంటారన్న దాని గురించీ మాట్లాడుకుంటున్నారు. చిన్న కూతురు మాత్రం, "నాన్న వింటున్నారు సార్. నేను పిలిస్తే కళ్లు పైకెత్తుతున్నారు" అంది.

వంగి అడిగాను: "మాస్టారూ, నా మాట వినిపిస్తుంటే ఒక్కసారి పైకి చూడండి."

చూశారు.

"మీది గుంటూరా?" కళ్లు కదల్లేదు. "తెనాలా?" పైకి చూశారు.

దీన్ని లాక్డ్-ఇన్ సిండ్రోమ్ అంటారు. కళ్లను పైకీ కిందికీ తిప్పే కేంద్రం దెబ్బ తగిలిన చోటుకి కాస్త పైన ఉంటుంది. అందుకే ఆ ఒక్క కదలిక మిగిలింది. తెలివి ఏమాత్రం చెడలేదు. పొలం మాటలన్నీ ఆయన విన్నారు.

కొందరికి ఆ కంటి కదలిక కూడా ఉండదు. 2006లో నాడీ శాస్త్రవేత్త ఏడ్రియన్ ఓవెన్ బృందం, రోడ్డు ప్రమాదం తర్వాత ఏ స్పందనా లేకుండా ఉన్న ఒక యువతిని స్కానర్‌లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమంది. ఆరోగ్యవంతుల మెదడులో ఏ భాగం చురుగ్గా పనిచేస్తుందో ఆమెలోనూ అదే పనిచేసింది. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, చెప్పిన పని చేయలేని 241 మందిని ఇలా పరీక్షిస్తే 60 మంది మెదళ్లు ఆదేశాన్ని అందుకున్నాయి. నలుగురిలో ఒకరు!

పలకని మనుషుల సంగతి ఇలా ఉంటే, ఈమధ్య ఓపీకి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు పలికే యంత్రం గురించి, "సార్, ఏఐ తనకు బాధగా ఉందని రాసింది. దానికి నిజంగా తెలుస్తుందంటారా?" అని అడిగాడు. నవ్వి వదిలేయదగ్గ ప్రశ్న కాదది. మాట విషయంలో మా కొలత ఆ యంత్రానికి నిండుగా 5 ఇస్తుంది. కానీ అది నేర్చుకున్నది బాధపడిన మనుషులు రాసిన రాతల నుంచే. లోపల ఎవరూ లేకపోయినా దాని నుంచి ఆ వాక్యమే వస్తుంది. కాబట్టి ఆ వాక్యాన్ని నేను సాక్ష్యంగా తీసుకోను.

మెదడులో కణాలైనా, యంత్రంలో భాగాలైనా లెక్క పెరిగితే స్పృహ దానంతటదే పుడుతుందన్న వాదన కూడా నాకు రుచించదు. మెదడులోని సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి. అది బాగా దెబ్బతిన్నవాళ్లను చూశాను. నడక తూలుతుంది, మాట ముద్దవుతుంది, మనిషి మాత్రం మనిషిగానే ఉంటాడు. అదే మెదడు కాండం పైభాగంలో చిన్న దెబ్బ తగిలితే చాలు, స్పృహ పోతుంది. ఊపిరి, ఆకలి, నొప్పి వంటి బతుకు అవసరాలను చూసుకునే ప్రాంతం కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. కాపాడుకోవలసిన ప్రాణం ఉన్నచోటే అనుభవం మొదలవుతుందని నా నమ్మకం. ఇది రుజువైన విషయం కాదు. రేపు యంత్రాల్లో మరో దారిన పుట్టదని ఒట్టు పెట్టి చెప్పలేను.

యంత్రం సంగతి తేలేదాకా మనవాళ్ల సంగతి ఆగదు. మీవాళ్లు ఐసీయూలో పలక్కుండా ఉంటే పేరు పెట్టి పిలవండి. ఏ రోజో, ఎవరొచ్చారో చెప్పండి. కళ్లు పైకీ కిందికీ కదులుతున్నాయేమో చూడమని డాక్టర్ని అడగండి. ఆస్తుల మాటలు, ఆశ లేదన్న మాటలు గది బయట మాట్లాడుకోండి.