మూతి వంకర, పసరు మందు, ఏడవ నాడి

నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ అకౌంట్స్‌లో బిల్లులు, వోచర్లు చూసి రిటైరైనవాణ్ణి. ఏ పద్దు ఏ ఖాతాలో పడాలో అందులోనే పడిందా లేదా అని చూడటమే నా ఉద్యోగం. అదే అలవాటుతో పక్షవాతానికి పోసే పసరు మందు లెక్క ఒకసారి చూద్దాం.

ముందు మాటల సంగతి. చేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేవాటిని మనం నరాలంటాం. నిజానికి అవి సిరలు, అంటే రక్తాన్ని గుండెకు చేర్చే గొట్టాలు. మెడ తిరగకపోతే "నరం పట్టేసింది" అంటాం. చాలాసార్లు పట్టేది కండరం. "నాడి చూడటం" అంటే ధమని కొట్టుకోవడం చూడటం. ఇలా ఒకే పేరు మీద నాలుగు వస్తువులు నడుస్తుంటే స్టాకు లెక్క ఎప్పటికీ తేలదు. బస్టాండు గోడల మీద "నరాల బలహీనత"కు మందు అమ్మేవాళ్ళకు ఈ గందరగోళమే పెట్టుబడి.

అసలు నాడి అంటే కబురు మోసే తీగల కట్ట. మెదడు, వెన్నుపాము కలిసి కేంద్ర నాడీ మండలం. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయని 2009లో లెక్క కట్టారు. మెదడు నుంచి 12 జతల కపాల నాడులు, వెన్నుపాము నుంచి 31 జతల వెన్ను నాడులు బయలుదేరి శరీరమంతా వ్యాపిస్తాయి. కొన్ని పోగులు పైనుంచి కండరాలకు ఆజ్ఞలు తీసుకెళతాయి. కొన్ని కింది నుంచి వేడి, నొప్పి, స్పర్శ కబుర్లు పైకి తెస్తాయి. ఆజ్ఞలు మోసే దారులు మెదడు అడుగున చాలా వరకు అటుదిటు దాటుతాయి. అందుకే కుడి చేతిని నడిపేది ఎడమ మెదడు.

ఇక అసలు విషయానికి వద్దాం. 2009లో మా బామ్మర్ది ఒక ఉదయం లేచేసరికి మూతి ఎడమ పక్కకు పోయింది. కుడి కన్ను మూతపడటం లేదు. నీళ్ళు పుక్కిలిస్తే కుడి పక్కనుంచి కారిపోతున్నాయి. అందరూ "పక్షవాతం" అన్నారు. అరవై కిలోమీటర్ల దూరంలో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళారు. మూడు వారాలు పసరు, పథ్యం. రెండు నెలల్లో ముఖం మామూలైంది. ఆ రోజునుంచి మా బామ్మర్ది పసరు మందుకు నడిచే ప్రకటన అయిపోయాడు. "బావా, నీ సైన్సు సంగతి నాకెందుకు? నాకు తగ్గిందా లేదా?" అనేవాడు.

తగ్గింది. అందులో అబద్ధం లేదు. కానీ ఏది తగ్గింది?

అతనికి వచ్చింది బెల్స్ పాల్సీ. ముఖ నాడి గురించి 1821లో రాసిన స్కాట్లండు శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్ పేరే దానికి పెట్టారు. ముఖ నాడి ఏడవ కపాల నాడి. చెవి వెనకున్న ఎముకలో ఒక సన్నని సొరంగం గుండా బయటికి వచ్చి నుదురు, కనురెప్ప, చెంప, పెదవి కండరాలకు ఆజ్ఞలు అందిస్తుంది. నాలుక ముందు భాగపు రుచి కూడా దీని ద్వారానే పైకి పోతుంది. ఆ ఇరుకు సొరంగంలో నాడి వాస్తే నలిగి పని మానేస్తుంది. మెదడు క్షేమంగానే ఉంటుంది. కాళ్ళూ చేతులూ బాగానే ఉంటాయి.

ఇప్పుడు లెక్క చూడండి. డెన్మార్కులో ఏ మందూ వాడని 1,701 మంది బెల్స్ పాల్సీ రోగులను గమనించి, ఫలితాలు 2002లో ప్రచురించారు. వారిలో 71 శాతం మందికి పూర్తిగా తగ్గిపోయింది. 85 శాతం మందిలో మూడు వారాల్లోనే మెరుగుదల మొదలైంది. అంటే పసరాయన చింతపండు నీళ్ళు పోసినా నూటికి డెబ్భై మంది ఆయనకు దణ్ణం పెట్టి వెళతారు. మిగిలినవాళ్ళు "పథ్యం తప్పావు, వంకాయ తిన్నావు" అనిపించుకుని నోరు మూసుకుంటారు. ప్రకృతి ఖాతాలో పడాల్సిన జమ పసరు ఖాతాలో పడింది. మందు పనిచేసిందనాలంటే డెబ్భై దాటి ఎంత వచ్చిందో చూపాలి. స్కాట్లండు వైద్యులు 2007లో అదే చేశారు. మొదటి 72 గంటల్లో ప్రెడ్నిసోలోన్ మాత్రలు మొదలుపెట్టినవాళ్ళలో తొమ్మిది నెలలకు 94.4 శాతం మంది కోలుకున్నారు. అవి వాడనివాళ్ళలో 81.6 శాతం. ఆ తేడా మందుది.

ఇంతటితో ఆగితే పసరు వల్ల పోయేది డబ్బులే అనుకోవచ్చు. అలా ఆగలేదు.

2013లో మా అన్నయ్యకు ఉదయం ఆరింటికి కుడి చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. మూతి వంకరపోయింది, మాట ముద్దగా వచ్చింది. వదిన కంగారుపడి మా బామ్మర్దికి ఫోన్ చేసింది. "భయపడకండి అక్కయ్యా, నాకూ ఇలాగే వచ్చింది" అని అతను కారు మాట్లాడి అదే ఊరు తీసుకెళ్ళాడు. ప్రేమతోనే తీసుకెళ్ళాడు. నేనప్పుడు పూనాలో ఉన్నాను. సాయంత్రం కబురు తెలిసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళమన్నాను. స్కానింగ్ అయ్యేసరికి మర్నాడు పదకొండైంది.

అన్నయ్యకు వచ్చింది స్ట్రోక్. ఎడమ మెదడుకు రక్తం తెచ్చే ధమనిలో గడ్డ అడ్డుపడింది. బామ్మర్దికి తీగ నలిగితే, అన్నయ్యకు ఆజ్ఞ పుట్టే చోటే దెబ్బ తగిలింది. బయటి నాడి దెబ్బతిన్నా పోగులు రోజుకు మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరగగలవు. మెదడులో చచ్చిన కణం తిరిగి రాదు. పెద్ద ధమని మూసుకుపోయిన స్ట్రోక్‌లో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో అంచనా వేశారు. స్కాన్ చూసి, రక్తస్రావం లేదని తేల్చుకుని గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. గడ్డను తీగతో లాగే చికిత్స ఇప్పుడు కొందరికి 24 గంటల వరకూ చేస్తున్నారు. స్ట్రోక్‌లో మింగడం కూడా దెబ్బతినవచ్చు. అప్పుడు నోట్లో పసరు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

అన్నయ్య బడిపంతులు. మా ఊళ్ళో సగంమందికి అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. ఆ తర్వాత అయిదేళ్ళు బతికాడు గాని ఆ చేత్తో సంతకం చేయలేదు. నా పేరు కూడా పలకలేకపోయాడు. సమయానికి తీసుకెళితే తప్పక బాగయ్యేవాడని నేననను. ఉన్న ఒక్క అవకాశం కారులో అరవై కిలోమీటర్లు వ్యతిరేక దిశలో పోయింది.

ఈ రెండు జబ్బులకూ తేడా నుదుటి మీద కనిపిస్తుంది. ముఖం పైభాగానికి మెదడు రెండు పక్కలనుంచీ ఆజ్ఞలు వస్తాయి, కిందిభాగానికి ముఖ్యంగా ఎదుటి పక్కనుంచే. అందుకే మామూలుగా స్ట్రోక్‌లో మూతి వంకరపోయినా నుదురు ముడతలు పడుతుంది. బెల్స్ పాల్సీలో ఆ పక్క నుదురు కూడా కదలదు. అయితే ఇంట్లో నుదురు చూసి నిర్ణయించకండి. మెదడు కాండంలో వచ్చే కొన్ని స్ట్రోక్‌లు అచ్చం బెల్స్ పాల్సీలాగే కనిపిస్తాయి. తేల్చవలసింది డాక్టరు.

మన సభల్లో బాబాల గురించి గంటలు గంటలు మాట్లాడతాం. మోసం లేకుండానే ప్రాణాలు తీసే ఇలాంటి సాక్ష్యాల గురించి కూడా మాట్లాడాలి. మా బామ్మర్ది మోసగాడు కాడు. పసరాయన కూడా తన మందును నమ్మేవాడే అయ్యుండొచ్చు. "నాకు తగ్గింది" అనేవాణ్ణి ఎగతాళి చేయకుండా, "మందు లేకుండా ఎంతమందికి తగ్గుతుంది?" అని ఓపికగా అడగడం మన పని.

మీ ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ముందు గడియారం చూసి టైము రాసుకోండి. 108కి ఫోన్ చేయండి. సి.టి. స్కాన్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి. నోట్లో ఏమీ పోయకండి, మంచినీళ్ళయినా సరే.